ఏ ముక్క చూసి ఆ మాటన్నావు?

పదో తరగతి తెలుగు పేపర్లో "కింది గద్యం చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి" అన్న చోట పిల్లలు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. బట్టీ పట్టక్కర్లేదు, జవాబు పేపర్లోనే ఉంది కదా అని. చాలామంది దాన్ని ఆఖరి పది నిమిషాలకి వదిలేస్తారు. తీరా దిద్దేటప్పుడు చూస్తే మార్కులు అక్కడే పోయి ఉంటాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో తెలుగు చెబుతూ నేను దిద్దిన పేపర్లలో ఈ ప్రశ్న దగ్గర రెండు రకాల జవాబులు పదేపదే కనిపిస్తాయి. ఒక రకం పిల్లలు ప్రశ్నలో ఉన్న మాట గద్యంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని, దాని ముందూ వెనకా ఉన్నవాటితో సహా దింపేస్తారు. రెండో రకం వాళ్ళు గద్యాన్ని ఒకసారి పైపైన చూసి, మిగతాది సొంతంగా అల్లేస్తారు. మొదటివాళ్ళ దగ్గర ఆధారం ఉంది, తేల్చిన సంగతి లేదు. రెండోవాళ్ళు తేల్చేశారు, ఆధారం లేదు. ఇద్దరూ ఎగ్గొట్టింది ఒక్కదాన్నే: ఈ ముక్క వల్ల ఆ సంగతి ఎలా తెలిసింది అన్న మధ్య మాట. అసలు చదవడమంతా అక్కడే జరుగుతుంది. దాని గురించి మేం క్లాసులో చెప్పేది చాలా తక్కువ.

ఉదాహరణ లేకుండా ఇది అర్థం కాదు. పిల్లల కోసం నేను రాసిన ఒక చిన్న గద్యం ఇది:

"వెరావల్ నుంచి వచ్చిన అప్పన్న ఇల్లు చేరేసరికి చీకటి పడింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బ్యాగు కింద పెట్టాడు. పెద్దపిల్ల తలుపు చాటు నుంచి తొంగి చూసింది. 'ఇలా రాయే, ఏటి తెచ్చినానో చూడు' అన్నాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. అప్పన్న బ్యాగులోంచి ఎర్ర గౌను తీసి, దగ్గరకెళ్ళి పిల్ల భుజాలకి ఆనించి చూశాడు. అది మోకాళ్ళకి బెత్తెడు పైనే ఆగిపోయింది. లక్ష్మి దాన్ని అందుకుని మడత పెడుతూ, 'పర్లేదు, చిన్నదానికి సరిపోతాది' అంది. అప్పన్న ఏమీ అనలేదు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు."

ప్రశ్న: అప్పన్న చాలాకాలానికి ఇంటికి వచ్చాడని ఎలా చెప్పగలవు?

సగం క్లాసు మొదటి వాక్యాన్ని దింపేసింది. "చాలాకాలం", "వచ్చిన", "చీకటి పడింది" అన్నీ కాలానికి సంబంధించిన మాటలే కదా! కానీ చీకటి పడటం వల్ల తెలిసేది అతను ఏ వేళకి వచ్చాడన్నదే, ఎన్నాళ్ళకి వచ్చాడన్నది కాదు. ఆధారం గద్యంలోంచే తీశారు, పనికొచ్చే ఆధారం మాత్రం కాదు. ఈ తేడా పిల్లలకి పట్టుబడితే సగం పని అయినట్టే.

కొందరు గౌను సంగతి రాశారు. "గౌను పొట్టిగా ఉంది కాబట్టి చాలాకాలమైంది." సరైన ముక్కే పట్టుకున్నారు. అయినా గౌను పొట్టిదనానికీ కాలానికీ ఏమిటి సంబంధం? ఒక అమ్మాయి మాత్రం ఇంకో వాక్యం కలిపింది: "అప్పన్న ఎల్లినప్పుడు పిల్ల ఎంత ఉందో అంత గౌనే కొన్నాడు, ఈలోగా పిల్ల ఎదిగిపోయింది." అదీ మధ్య మాట. ఆ వాక్యం గద్యంలో లేదు. గద్యం ఆ పిల్ల చేత రాయించింది.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. గౌను ఒక్కటే ఉంటే ఈ నిర్ణయం నిలుస్తుందా? మగవాళ్ళకి పిల్లల బట్టల కొలతలు తెలియవని మా ఆవిడే అంటుంది. నిన్న ఇంట్లోంచి వెళ్ళినవాడైనా పొట్టి గౌను తేగలడు. పోనీ, పిల్ల తలుపు చాటున నిలబడటం? సిగ్గరి పిల్ల అయ్యుండొచ్చు. అమ్మ కొంగు పట్టుకోవడం? నిద్రమత్తు కావచ్చు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ గట్టిది కాదు. మూడూ కలిపి చూస్తే మాత్రం, దగ్గరకి రాని కూతురు, పాత కొలత గౌను, దూరపు ఊరి ప్రయాణం, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. కొబ్బరి పీచు పోగు ఒక్కటి లాగితే తెగుతుంది, పేనితే పడవకి కట్టే తాడవుతుంది. ఉద్దానం పిల్లలకి ఈ పోలిక వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

సరే, తాడు పేనాం. దానికి ఎంత బరువు కట్టొచ్చు? "చాలాకాలం" అనొచ్చు. "రెండేళ్ళు" అంటే? కుదరదు, అంత కొలత గద్యంలో లేదు. "అప్పన్నకి పిల్లంటే ప్రేమ లేదు, అందుకే ఇన్నాళ్ళు రాలేదు" అని ఒక కుర్రాడు రాశాడు. ఇది ఆధారం చాలక పోయిన మాట కాదు, ఆధారం ఎదురు తిరిగిన మాట. ప్రేమ లేనివాడు గుమ్మంలోనే పిలవడు, గౌను కొనడు. మనకి నచ్చిన నిర్ణయానికి వచ్చేశాక దాన్ని కాదనే ముక్క గద్యంలో ఎక్కడైనా ఉందా అని ఇంకోసారి వెతికే అలవాటు పెద్దవాళ్ళలోనూ తక్కువే.

ఎంత గట్టిగా తెలిసిందో అంత గట్టిగానే చెప్పడానికి మన భాషలో పనిముట్లు ముందే ఉన్నాయి. "వచ్చాడు" అంటే ఖాయంగా తెలిసిన మాట. "వచ్చాడట" అంటే ఎవరో చెప్పగా విన్నది. "వచ్చుంటాడు" అంటే గుర్తులు చూసి పోల్చుకున్నది. "వచ్చాడేమో" అంటే అంత ధీమా లేనిది. ఊళ్ళో ఏ ముసలమ్మని కదిపినా ఈ నాలుగింటినీ ఎక్కడిదక్కడ తూకం వేసినట్టు వాడుతుంది. పక్కింటి కోడలు పుట్టింటికి వెళ్ళిన సంగతి చెప్పేటప్పుడు "ఎల్లిపోనాదట" అంటుంది గాని, తను చూడనిదాన్ని చూసినట్టు చెప్పదు. అదే ముసలమ్మ మనవడు పరీక్ష హాల్లో కూర్చోగానే అన్నిటినీ "వచ్చాడు"లోకి మార్చేస్తాడు. "ఏమో" అని రాస్తే మాస్టారు మార్కు కోసేస్తారని భయం. ఆ భయం పెట్టింది మేమే. "అప్పన్న బాధపడి ఉంటాడు" అన్న జవాబు "అప్పన్న బాధపడ్డాడు" కన్నా నిజాయితీగలది, నా లెక్కన మార్కులో పావు వంతైనా ఎక్కువ ఇవ్వదగ్గది.

ఇంకో చిక్కు ఉంది. గద్యంలో లేనిదేదీ వాడకూడదని పిల్లలకి చెబుతాం. కానీ గద్యంలో లేనిది కొంత వాడకుండా ఎవ్వరూ చదవలేరు. మా పిల్లల్లో చాలామంది ఇళ్ళలో నాన్నో, మావయ్యో గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేసేవాళ్ళే. వాళ్ళకి ఆ ఊరి పేరు వినగానే సగం కథ తెలిసిపోతుంది. "వెరావల్ ఎల్లినోళ్ళు వేసవికి గాని రారండి, అది చాలదేటి మాస్టారూ?" అని అడిగాడొకడు. నిజమే, చాలు. అదే గద్యాన్ని విజయనగరంలో కోట దగ్గర ఉండే పిల్లకి ఇస్తే వెరావల్ ఆమెకి ఉత్త ఊరి పేరు. ఆమె గౌను మీదే ఆధారపడాలి.

అందుకని నోటు పుస్తకంలో గీత గీయించాను. ఎడమ పక్క "గద్యం చెప్పింది", కుడి పక్క "నాకు ముందే తెలిసింది". రెండూ కలిపి తేల్చుకోవచ్చు, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం కలిపేయకూడదు. కుడి పక్క రాసింది తప్పయ్యే వీలుంది. ఈ అప్పన్న సంక్రాంతికి వచ్చి వెళ్ళాడేమో ఎవరికి తెలుసు? గద్యం అలా జరగలేదని చెప్పలేదు. ఒక పిల్లాడు కుడి పక్క గడిలో "మా నాన్న తెచ్చిన చొక్కా కూడా నాకు బిగుతైపోనాది" అని రాశాడు. అంతకన్నా బాగా ఆ గౌనుని ఎవరూ చదవలేదు.

ఇదంతా కొత్త విద్య ఏమీ కాదు. విజయనగరం సంస్కృత కళాశాల లాంటి చోట్ల తర్కం చదువుకున్న పాతతరం పండితులకి నోటి మీద ఉండే పాఠమే. "కొండ మీద నిప్పుంది" అన్నది ప్రతిజ్ఞ, అంటే తేల్చదలచిన మాట. "పొగ కనిపిస్తోంది కాబట్టి" అన్నది హేతువు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. న్యాయశాస్త్రం, అంటే ఆ తర్కశాస్త్రమే, ఆగనివ్వదు. "పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో లాగా" అని ఉదాహరణతో సహా ఆ రెండింటి సంబంధం చూపించాలి. "ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే" అని ఉపనయం చెప్పాలి. అప్పుడు గాని నిగమనానికి, అంటే చివరి నిర్ణయానికి, రాకూడదు. మా పిల్లల జవాబుల్లో ఎగిరిపోయేది సరిగ్గా ఆ నడిమి రెండు మెట్లే. ఇందులో ఉపనయాన్ని తక్కువగా చూడొద్దు. శీతాకాలం పొద్దున్నే పాలకొండ నుంచి సీతంపేట కొండల వైపు చూడండి. లేస్తున్నది పొగో, మంచో చప్పున చెప్పలేం. నియమం సరైనదే, మనం పొగ అనుకున్నదే పొగ కాకపోవచ్చు. పైన చీకటి వాక్యాన్ని ఆధారమనుకున్న సగం క్లాసుకి జరిగింది ఇదే.

పరీక్ష పేపర్లు తయారుచేసేవాళ్ళు ఈ మెట్లనే వేరేలా లెక్కపెడతారు. 2001 నుంచి ఐదేళ్ళకోసారి చాలా దేశాల్లో నాలుగో తరగతి పిల్లలకి పెట్టే పిర్ల్స్ అనే పఠన పరీక్షలో ప్రశ్నలు నాలుగు రకాలు: పైకి ఉన్నదాన్ని వెతికి పట్టుకోవడం, దగ్గర ఊహ చేయడం, అక్కడక్కడా ఉన్నవాటిని కలిపి అర్థం చెప్పడం, రాసిన తీరునే తూచడం. మన దగ్గర పిల్లలు మొదటి రకానికి బాగా అలవాటు పడి, మిగతా మూడింటినీ కూడా మొదటిదిలాగే రాసేస్తారు. బ్యాంకు పరీక్షలకి తయారయ్యే పెద్ద పిల్లలకి ఇంకో ఉచ్చు ఉంటుంది. ఆప్షన్లలో ఒకటి లోకంలో నిజమే, గద్యంలో లేదు. ఇంకొకటి గద్యంలో ఉంది, కానీ "కొందరు" ఉన్నచోట "అందరూ" అని, "ఒక కారణం" ఉన్నచోట "ఏకైక కారణం" అని పెంచేస్తారు. ఆ ఒక్క మాట దగ్గర వేలు పెట్టి ఆగితే చాలు.

మన జిల్లా చరిత్రలోనే ఈ విద్య చూడాలంటే శ్రీముఖలింగం వెళ్ళాలి. తూర్పు గంగరాజుల తామ్రశాసనాల్లో వాళ్ళ రాజధాని కళింగనగరం అని వస్తుంది. అది ఇప్పటి ఏ ఊరు? వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉంది. పేరు చూస్తే అదే అనిపిస్తుంది, కొందరు పండితులు అలాగే అనుకున్నారు. పర్లాకిమిడిలో పిల్లలకి చరిత్ర చెప్పే ఒక మాస్టారు అక్కడితో సరిపెట్టుకోలేదు. ఆయన మన గిడుగు రామమూర్తి. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవాడు. పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుళ్ళ గోడల మీద శాసనాలు చదివాడు. ఆ ఊరిని వాటిలో నగరం అని పిలవడం గమనించాడు. గంగరాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని, శక సంవత్సరం 979 నాటిదాన్ని, చదివి ప్రచురించాడు కూడా. ముఖలింగమే కళింగనగరమని వాదించాడు. తర్వాతి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆ మాటే ఒప్పుకున్నారు. ముఖలింగం పక్కన నగరికటకం అనే ఊరు ఇప్పటికీ ఉంది.

ఈ వాదంలో నాకు నచ్చేది గెలుపు కాదు, ఆధారాల తూకం. కళింగపట్నం పక్షాన ఉన్నది ముఖ్యంగా పేరులో పోలిక. అది మా పిల్లలు ప్రశ్నలో మాట గద్యంలో వెతికి పట్టుకోవడం లాంటిదే. ముఖలింగం పక్షాన ఉన్నది అక్కడి రాళ్ళ మీద అక్కడివాళ్ళే చెక్కించిన మాట. గిడుగు వాడుక భాష కోసం పోరాడినప్పుడు కూడా పద్ధతి ఇదే. వాడుక రూపాలు గ్రామ్యం, తప్పు అన్నవాళ్ళతో ఆయన ఊరికే కేకలు వేయలేదు. పాత శాసనాల్లోంచి, వచనాల్లోంచి ఆ రూపాలే ఏరి ముందు పెట్టాడు. ఆగస్టు 29న స్కూళ్ళలో ఆయన ఫొటోకి దండ వేసి, ఉపన్యాసం చెప్పి, చాక్లెట్లు పంచుతాం. ఆయన ఆధారం ఎలా ఏరాడో మాత్రం చెప్పం.

పాఠం దాటి బయటికొస్తే ఇదే సంగతి ప్రాణాల మీదికి వస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి పేపర్లో వచ్చే వార్తలు మా క్లాసులో తరచూ చదివిస్తాను. ఎక్కువమందికి ఆ జబ్బు ఇంట్లో సంగతే. తాగే నీళ్ళు, నీళ్ళలో సిలికా, పురుగుమందులు, ఎండలో కష్టం, నొప్పి మాత్రలు అని ఎన్నో అనుమానాలు వచ్చాయి. ఇదీ అసలు కారణమని ఖాయంగా తేలలేదు. "కారణం తేలలేదు" అని రాసి ఉంటే ఒకడు "కారణం లేదు" అని చదువుతాడు. ఇంకొకడు అనుమానాల్లో మొదటిదాన్ని పట్టుకుని "నీళ్ళ వల్లే" అని తేల్చేస్తాడు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచినప్పుడే, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకాన్నీ మొదలుపెట్టారు. ఆ వార్త చదివిన ఒక అమ్మాయి, "నీళ్ళు మార్చినారంటే నీళ్ళే కారణమని తేలిపోనట్టే కదండి" అంది. ఊరంతా అనే మాటే. వార్త వల్ల తెలిసేది నీళ్ళ మీద అనుమానం ఉందనీ, మంచినీళ్ళు ఎలాగూ కావాలనీ. అంతకు మించి ఒక్క అడుగు వేసినా అది మన అడుగే, వార్తది కాదు. తప్పంటే ఇది పరీక్షలో ఒక మార్కు పోయే తప్పు కాదు. కారణం దొరికేసిందనుకున్న మనిషి నొప్పి మాత్ర మింగేముందు రెండోసారి ఆలోచించడు.

పెద్ద వ్యాసం మొత్తానికి తాత్పర్యం ఏమిటన్న ప్రశ్నకి ఒక్క వాక్యం ఆధారం చాలదు. దీనికి మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే పండితులు, గుర్తులు చెప్పారు: మొదలూ చివరా ఏమంటున్నాయి, ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది, వేరేచోట దొరకని కొత్త సంగతి ఏది, ఫలితం ఏమిటన్నారు, దేన్ని పొగిడారు, దేనికి యుక్తి చూపించారు. వేదవాక్యాలకని పెట్టుకున్న ఈ కొలతలు సంపాదకీయానికీ సరిపోతాయి. నేను పిల్లలకి మొదటి రెండే చెబుతాను, అవి చాలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి. అప్పన్న గద్యానికి రెండో ప్రశ్న ఇది: గౌను సరిపోలేదని తెలిశాక అప్పన్నకి ఏమనిపించింది? ఆధారం చూపు. ఒక అమ్మాయి "చిన్నబోయాడు. ఎందుకంటే ఏమీ అనలేదు" అని రాసింది. నేను ఎర్ర సిరాతో సగం మార్కు కోసి, "మాట్లాడకపోవడం ఆధారం కాదు, ప్రయాణంలో అలిసిపోయి ఉండొచ్చు" అని రాశాను. మౌనం కాదు, గద్యంలో పైకి ఉన్న మాటే ఆధారం కావాలన్నది అప్పటిదాకా నా రూలు.

ఆ పిల్ల ఇంటర్వెల్లో పేపరు పట్టుకుని స్టాఫ్‌రూం గుమ్మంలోకి వచ్చింది. "అలిసిపోనాడంటే మరి వచ్చీ రాగానే అంత హుషారుగా పిలిచినాడేటండి మాస్టారూ? గౌను కురసైపోనాదని తెలిసినాకే కదండి నోరు మూసీసినాడు!" అంది.

గద్యం మళ్ళీ చూసుకున్నాను. రాసింది నేనే, సరిగ్గా చదవనిదీ నేనే. మౌనం ఒక్కటే అయితే నా అభ్యంతరం నిలిచేది. కానీ ముందు పిలుపు, తర్వాత గౌను, ఆ తర్వాత మౌనం. ఆ పిల్ల ఆధారం "ఏమీ అనలేదు" అన్న వాక్యం కాదు, ఆ వాక్యం ఉన్న చోటు. మార్కు కలిపి సంతకం పెట్టాను. జవాబులో ఆ సంగతి రాయలేదు కదా అన్నాను గాని, అది నా పరువు కోసం అన్న మాట.

మర్నాడు అదే గద్యం బోర్డు మీద రాసి ఆ పిల్ల చేతే చెప్పించాను. చివరి బెంచీలోంచి ఒకడు లేచి, "మాస్టారూ, చిన్నదాన్ని అప్పన్న ఎప్పుడైనా చూసినాడా, లేకపోతే ఎల్లినాక పుట్టిందా? ఒక్క గౌనే తెచ్చినాడు కదా" అన్నాడు. క్లాసు రెండుగా చీలిపోయింది. చిన్నది పుట్టిందని తెలియనివాడే ఒక్క గౌను తెస్తాడని కొందరు. అంతలో ముందు బెంచీ కుర్రాడు వేళ్ళు లెక్కపెడుతూ, "గౌను కొన్నది పెద్దదాని పాత కొలతకి. అది ఇప్పుడు చిన్నదానికి సరిపోతాదంటే చిన్నది కూడా ఇంచుమించు అంత ఉన్నట్టే కదండి. బెత్తెడు ఎదిగే లోపల పుట్టి అంత ఎలా అయిపోతాది? చూసే ఉంటాడు" అన్నాడు. "చూసే ఉంటాడు" అన్నాడు, "చూశాడు" అనలేదు. నాకు అది బాగా వినిపించింది.

"లక్ష్మి కొలిచి చెప్పినాదేటి?" అని నిన్నటి పిల్ల అడ్డం వచ్చింది. "మొగుడు చిన్నబోనాడని ఊరుకోబెట్టడానికి అలా అన్నాదేమో."

అది కొలత మాటా, ఓదార్పు మాటా అన్నది తేలకుండానే బెల్లు కొట్టేశారు.